నాన్న చెక్కపెంకులు, అమ్మ కోళ్ళు

దెతీఫ్, లెముయ్ దీవి
1956 నవంబరు

రుదె అక్కకి,

నువ్వు పంపిన ఉన్ని మూట అందింది. దారిలో లాంచీవాడు తడిపాడు, పొయ్యి మీద వేలాడదీసి ఆరబెట్టాను. ఇప్పుడది కాస్త పొగ వాసన వేస్తోంది గానీ, ఈ ఊళ్ళో పొగ వాసన వెయ్యనిది ఏముంది?

నీ ఉత్తరంలో మొదటి మాటే "నా పెంకులు ఎలా ఉన్నాయి?" అని. నేనెలా ఉన్నానన్న మాట చివర్లో ఎక్కడో వచ్చింది. సరే, పెంకులు భేషుగ్గా ఉన్నాయి. అమ్మ పోయాక ఇల్లు విప్పి పంచుకున్నప్పుడు నువ్వు చెప్పినట్టే, నీ వాటా చెక్కపెంకులన్నీ కోళ్ళగూటికి లోపల ఒక వరస, బయట ఒక వరస కొట్టించాను కదా. నువ్వు వచ్చి నా పక్కన ఇల్లు కట్టుకునేదాకా ఊరికే పోగుపెట్టి ఉంచడం కంటే అదే నయమన్నావు. నాన్న కొండల్లో వేసవంతా ఉండి చీల్చి తెచ్చిన అలెర్సే చెక్క. దానికి వానొక లెక్కా? మొన్న సెనోన్ బాబాయి ఎద్దుల్ని తోలుకుపోతూ గూటి ముందు ఆగి టోపీ తీశాడు. "ఇది కోళ్ళగూడా, చర్చా?" అన్నాడు.

గూడు బాగుంది, కోళ్ళే బాగాలేవు. ఇదివరకు పొద్దున్నే తలుపు తీస్తే ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా దిగేవి. ఇప్పుడు రక్తాలు కారేట్టు పొడుచుకుంటున్నాయి. పెట్టల్లో మొండిదాని వీపు మీద ఈక లేదు. వీటన్నిటికీ పెద్ద ఆ సార్జెంటు. గుర్తుందా, అమ్మ చివరిసారి పొదిగించిన నల్లమచ్చల పెట్ట? అది ముందు పొడుస్తుంది, మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. ఇక పుంజు బిషప్పు సంగతి చెప్పక్కర్లేదు. నేను వాకిట్లోకి వస్తే చాలు, ఎగిరి పిక్క మీద తంతాడు. 

అత్తగారు రోజూ కొప్పెర వంక చూసి, సార్జెంటు వంక చూసి, "ఉల్లిపాయలు ఉన్నాయా?" అని అడుగుతున్నారు. నేను లేవంటున్నాను.

నవ్వులాట పక్కన పెట్టి చెప్తున్నా అక్కా. దీవిలో అందరూ ఓడలో వచ్చిన తెల్లకోళ్ళకి ఎగబడ్డారు. తోక లేని, నీలి గుడ్డు పెట్టే అమ్మ కోళ్ళు నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. పెట్టలన్నీ వయసు మీద పడ్డవే. ఈ వేసవిలో పిల్లలు దిగకపోతే ఈ జాతి నాతోనే ఆగిపోతుంది. అలా కానివ్వను. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు.

నీ చెల్లెలు
ఫెలీనా

*

పుంతా అరేనాస్
1956 డిసెంబరు

ఏమే ఫెలీ,

కోళ్ళు కొట్టుకుంటుంటే అత్తా కోడళ్ళు ఉల్లిపాయల గురించి మాట్లాడుకుంటున్నారా? బాగుంది.

చెవిన పెట్టుకుని విను. ఒకటి, పడవలకి పూసే తారు తెచ్చి మొండిదాని పుండ్ల మీద పల్చగా పుయ్యి. ఎరుపు కనిపిస్తే కోడి ఆగదు, మళ్ళీ మళ్ళీ అక్కడే పొడుస్తుంది. ఎరుపు మూసేస్తే గొడవ సగం తగ్గుతుంది. రెండు, సార్జెంటుని కోయద్దు. గంప కింద మూసి, మిగతా వాటికి కనపడకుండా ఓ వారం దూరంగా పెట్టు. తిరిగి వచ్చేసరికి దాని కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు, పొగరు దిగుతుంది. మా బోర్డింగు ఇంట్లో గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలు యాభై మంది దిగుతారు. వాళ్ళలో రౌడీ ఎవడైనా ఉంటే నేను చేసేది ఇదే. భోజనం విడిగా పెడతాను, అంతే.

మూడు, పుంజు తన్నబోతే పరిగెత్తకు. పరిగెత్తావో, జన్మంతా నిన్ను తంతూనే ఉంటాడు. ఒడుపుగా పట్టుకుని చంకలో పెట్టుకో, కాళ్ళు కదలకుండా బిగించు, పెట్టలన్నీ చూస్తుండగా వాకిట్లో తిరుగు. అమ్మ అలాగే చేసేది. నువ్వు చిన్నదానివి, గుర్తుండదు. 

బూడిద గుంట ఉందా? పొయ్యి బూడిద జల్లించి చూరు కింద పొడిగా పొయ్యి, అందులో పొర్లుతాయి. ఒంటి మీది పేలు రాలిపోతాయి.

ఇక్కడ గాలి నిన్న ఒక మనిషిని వీధి చివరిదాకా తోసుకెళ్ళింది. నేను బాగానే ఉన్నాను. వచ్చే ఏడు తప్పకుండా వస్తాను. నా ఇల్లు పడమటికి కాదు, సముద్రం వైపు తిప్పి కట్టుకుంటాను. పెంకు ఒక్కటి పోయినా ఊరుకోను, ఏమనుకున్నావో!

మీ అక్క
రుదెసిందా

*

దెతీఫ్
1957 జనవరి

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తారు పూస్తే మొండిది బొగ్గుల బస్తాలా తయారైంది గానీ, పుండ్లు మానాయి. సార్జెంటు గంప కింద కూర్చుని, రోజంతా నన్ను తిట్టింది. బిషప్పుని చంకలో ఇరికించుకుని వాకిట్లో తిరుగుతుంటే చర్చి గంట మోగింది. ఆ రోజు పూజ అని మర్చిపోయాను. వదిలితే మళ్ళీ తంతాడేమోనని భయం. అలాగే చర్చికి వెళ్ళిపోయాను. సెనోన్ బాబాయి పక్కకి జరిగి, "రండి బిషప్పుగారూ, మీకోసమే చూస్తున్నాం" అన్నాడు. పాట మధ్యలో ఆయనగారు కూత అందుకున్నారు. అత్తగారు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పుంజు మాత్రం ఆ రోజు నుంచి నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటున్నాడు.

ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను. కానీ నీకు అబద్ధం రాయడం నా వల్ల కాదు. రెండు పెట్టలు చచ్చిపోయాయి. పొడుచుకుని కాదు. పొద్దున చూసేసరికి నేల మీద పడి ఉన్నాయి, చేతిలోకి తీసుకుంటే పిట్టంత బరువు కూడా లేవు. మిగతా వాటి తురాయిలు పాలిపోయాయి. సాయంత్రమైతే ఒక్కటీ గూట్లోకి వెళ్ళనంటోంది. ఆపిల్ చెట్టెక్కి కూర్చుంటున్నాయి, కర్రతో అదిలించి లోపలికి తోలాల్సి వస్తోంది. తోలిన మర్నాడు పొడుచుకోవడం ఇంకా ఎక్కువ. సార్జెంటు గంప కింద ఉన్నా పొడుచుకున్నాయి. పాపం, దాని తప్పు లేదు.

అత్తగారు కారణం తేల్చేశారు. "పెసరగింజంత పచ్చసొన లేని గుండ్రటి గుడ్డొకటి మొన్న దొరికింది కదా, పొయ్యిలో వెయ్యమంటే పారేశావు. ముసలిపెట్ట గుడ్డు అది. అందులోంచి ఆ కోడితల పాము, బసిలిస్కో పుట్టింది. గూటి కిందకి దూరింది. నిద్రపోతుంటే ఊపిరి పీలుస్తోంది, అందుకే ఎండిపోతున్నాయి. దానికి మందు ఒకటే, గూడు కాల్చెయ్" అన్నారు. 

నీ పెంకులు కాల్చడమా? ఒళ్ళు మండింది. "కాల్చను" అన్నాను. "అయితే కోళ్ళు చస్తాయి, తర్వాత అది మన ఇంటి కిందకొస్తుంది" అన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా తలలూపారు. నిజం చెప్పనా అక్కా, నేనూ సగం నమ్మాను. అప్పుడొక ఉపాయం తట్టింది. గూడు కాల్చే బదులు గూటినే ఇంకోచోటికి తీసుకుపోతే? బసిలిస్కో పాత జాగాలో ఒంటరిగా నోరు తెరుచుకుని ఉండిపోతుంది!

మింగా పిలిచాను. సాయం పిలుపు అందగానే, ఇళ్ళని జాగా మార్చి లాగేటప్పుడు వచ్చినట్టే ఊరంతా వచ్చింది. సెనోన్ బాబాయి రెండు జతల ఎద్దులు కట్టాడు, గూటి కింద దుంగలు పెట్టారు, మగవాళ్ళు తాళ్ళు పట్టారు, పిల్లలు కేకలు. కోళ్ళు లోపలే ఉన్నాయి, బిషప్పు కప్పు మీద నిలబడి ఊరేగాడు. కొండపక్క బంగాళాదుంప చేను దాటించి, గాలి తగిలే ఎత్తు మీద దించారు. అందరికీ మిల్కావో బంగాళాదుంప రొట్టెలు పెట్టి, ఆపిల్ సారా పోశాను. ఇక అంతా బాగుపడుతుంది.

ఫెలీ

*

పుంతా అరేనాస్
1957 ఫిబ్రవరి

ఫెలీ,

నీ ఉత్తరం వంటింట్లో చదివాను. నవ్వీ నవ్వీ సూప్ మాడగొట్టాను. తర్వాత ఏడుపొచ్చింది. పోయిన రెండిట్లో ఒకటి అమ్మ ఒళ్ళో కూర్చునేదే, అవునా?

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. రాత్రి గూట్లోకి పోనంటున్నాయి. లోపలికి తోలిన మర్నాడే ఎక్కువ కొట్టుకుంటున్నాయి. రక్తం లేక పాలిపోతున్నాయి. ఇది నాకు తెలిసిన జబ్బేనే! మా బోర్డింగు ఇంట్లో ఏటా వచ్చేదే. నల్లులు! పగలు కనపడవు. మంచం కోళ్ళలో, గోడ చీలికల్లో దాక్కుంటాయి. మనిషి పడుకోగానే వస్తాయి, తాగి వెళ్ళిపోతాయి. నిద్ర లేని కూలీలు పొద్దున్నే రొట్టె ముక్క కోసం కత్తులు దూసుకుంటారు. కోళ్ళకీ అలాంటి ఎర్ర పేలు ఉంటాయిట. ఒంటి మీద ఉండవు, కాబట్టి బూడిద చాలదు.

నీ చేతులు దురద పెడుతున్నాయా? నిజం చెప్పు. గుడ్లు తీసి వచ్చాక?

ఒక పని చెయ్యి. పిండి సంచి ఉతికి తెల్లగా చేసి, కోళ్ళు కూర్చునే కర్ర కింద రాత్రికి పరుచు. పొద్దున్నే తీసి చూడు. ఎర్రటి చుక్కలుంటే, నీ బసిలిస్కో ఒక్కటి కాదు, లక్ష. దాన్ని ఎద్దులు కట్టి, సారా పోయించి మరీ ఊరేగించి కొత్త జాగాకి తీసుకెళ్ళావు. మేమూ మొదట్లో గదులు మార్చేవాళ్ళం. నల్లులు మంచంతో పాటే వచ్చేవి.

ఉంటే గనక, కూర్చునే కర్రలు మార్చు, మరిగే నీళ్ళు పొయ్యి. కానీ గోడల జోలికి మాత్రం పోకు. పెంకు ఊడదీస్తే మేకు దగ్గర చీలిపోతుంది. నాన్న చేతి పని అది. వినిపించిందా?

రుదె

*

దెతీఫ్
1957 ఫిబ్రవరి చివర

అక్కా,

నా చేతులు దురద పెడుతున్నాయి. డిసెంబరు నుంచీ. చెమట పొక్కులనుకున్నాను.

సంచి గుడ్డ పరిచాను. పొద్దున్న తీస్తే దాని మీద కారం చల్లినట్టుంది. నలిపితే రక్తం. నా కోళ్ళ రక్తం. అత్తగారి ముందు పరిచి చూపించాను. వేలితో ఒక చుక్క నలిపి చూశారు. "నేనేమన్నాను? రాత్రి పూట పీలుస్తోందన్నానా లేదా? గూట్లోనే ఉందన్నానా లేదా?" అన్నారు. ఎలా కాదంటాను?

కర్రలు మార్చాను. మరిగే నీళ్ళు పోశాను. మళ్ళీ గుడ్డ పరిస్తే మళ్ళీ అంతే. అప్పుడు నువ్వు వద్దన్న పని చేశాను. లోపలి గోడ పెంకు ఒకటి లేపాను. దాని వెనక ఏముందో రాయడానికి నాకు మనసు రావటం లేదు. చెక్క కనపడలేదు అక్కా. బూడిద రంగు పొట్టులా గుడ్లు, మధ్యలో కదులుతూ పేలు. ఒక పెంకు మీదికి ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది కదా, ప్రతి సందులో అవే. మామూలు కర్రల గూడైతే నాలుగు సందులుండేవి. మనం నాన్న పెంకులతో వాటికి మేడలు కట్టి ఇచ్చాం. లోపల ఒకటి, బయట ఒకటి!

మొండిది పొదగడానికి కూర్చుంది. అందరిలోకి అదే కూర్చుంటుందని ఎవరనుకున్నారు, వీపు మీద ఈకలు కూడా రాలేదు. కింద నీలి గుడ్లు. పొదిగే పెట్ట లేచి పారిపోదు, తాగేస్తున్నా కదలదు. అందుకని బుట్టతో సహా ఎత్తుకొచ్చి వంటింట్లో పొయ్యి వెనక పెట్టాను. ముందు బూడిదతో ఒళ్ళంతా రుద్దాను. మిగతావి చెట్టు మీదే పడుకుంటున్నాయి, వానలు మొదలయ్యేదాకా ఫరవాలేదు. ఆ తర్వాత ఉండలేవు.

అత్తగారు తన మాట కూడా రాయమంటున్నారు. చెప్తున్నట్టే రాస్తున్నాను:

"రుదెసిందా, నీ చెల్లికి బుద్ధి చెప్పు. కోడిని నా వంటింట్లో పెట్టింది. అది నా వంక చూస్తోంది. (అది అందరి వంకా చూస్తుంది. ఫెలీ.) ఇంకో మాట. గూడు కాల్చమని నేను జనవరిలోనే చెప్పాను. నీ పెంకులని ఇది ఏడుస్తోంది. నీకు పెంకులు కావాలా, మీ అమ్మ కోళ్ళు కావాలా? మీ అమ్మ, నేను ఒక పడవలో ఈ దీవికి కోడళ్ళుగా వచ్చాం. ఆవిడ ఒళ్ళో బట్టల మూట లేదు, కోళ్ళ బుట్ట ఉంది. అది మర్చిపోకు."

అదీ సంగతి. పెంకులు నీవి. కోళ్ళు అమ్మవి. నీ మాట కోసం చూస్తాను. కానీ ఎక్కువ రోజులు చూడలేను అక్కా, కోపం తెచ్చుకోకు. కోళ్ళని మాత్రం పోనివ్వను.

ఫెలీనా

*

పుంతా అరేనాస్
1957 మార్చి

ఫెలీ,

కాల్చెయ్యి.

అత్తగారు చెప్పింది నిజం. అమ్మ ఒళ్ళో బుట్ట సంగతి నేను మర్చిపోయాను.

నువ్వు మొహమాటపడకుండా ఉండాలంటే ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. ఇది రాయడానికి పొద్దుట్నించి కూర్చున్నాను. నేను రావటం లేదు చెల్లీ. ఊరు వదిలినప్పటి నుంచి, పదకొండేళ్ళుగా, వచ్చే ఏడు అని రాస్తున్నాను. రాసిన ప్రతిసారీ నిజంగానే అనుకున్నాను. కానీ రెండేళ్ళ కిందట ఇక్కడే ఒక చిన్న ఇల్లు తీసుకున్నాను. రెండు గదులు, రేకు గోడలు, జలసంధి వైపు ఒక కిటికీ. గాలి వీస్తే ఇల్లంతా డప్పులా మోగుతుంది. అయినా అది నాది. బోర్డింగు ఇల్లు నా చేతుల మీద నడుస్తోంది, వీధిలో అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు. ఇక్కడి మనిషినైపోయాను.

నాలుగేళ్ళ కిందట అమ్మ మంచం దగ్గర నీ చెయ్యి పట్టుకుని "పక్కనే ఇల్లు కట్టుకుంటా" అన్నాను కదా. పెంకుల గురించి అడుగుతున్నంత కాలం ఆ మాట ఇంకా బతికే ఉందనిపించేది. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది.

కాల్చు. ఒక్కటి కూడా ఉంచకు. మొండిదాని పిల్లలు దిగితే నాకు రాయి.

రుదె

*

దెతీఫ్
1957 ఏప్రిల్

రుదెసిందాకి,

అక్కా అని రాయలేదని గమనించావా? గమనించాలనే రాశాను.

నీ ఉత్తరం లాంచీ దిగే వేళకి ఇక్కడ కాల్చడానికి ఏమీ మిగల్లేదు. ఎప్పట్లాగే ఆలస్యం చేశావు. పెంకులన్నీ ఉడకబెట్టేశాం.

వానలు ముందుగా వచ్చేలా కనిపించాయి. నీ జవాబు రాలేదు. కాల్చడానికి చెయ్యి రాలేదు, ఊరుకోవడానికీ కుదరలేదు. చివరికి మళ్ళీ మింగా పిలిచాను. ఈసారి ఎద్దులు వద్దు, ఆడవాళ్ళు రండి, పందిని కోసినప్పుడు కొవ్వు కాచే కొప్పెరలు తెండి అన్నాను. "ఏం వండుతున్నావే?" అని అడిగితే, "మా అక్క ఇల్లు" అన్నాను. అందరూ వచ్చారు. ఒడ్డున వరసగా కొప్పెరలు పెట్టాం. సెనోన్ బాబాయి మేకు కింద తడిగుడ్డ పెట్టి, ఒక్కొక్క పెంకూ పసిపిల్ల పన్ను ఊడదీసినట్టు తీశాడు. కొన్ని చీలాయి, చాలా తక్కువ. తీసింది తీసినట్టే మరిగే నీళ్ళలో వేశాం. నీళ్ళ మీద ఎర్రగా తెట్టు తేలింది. అత్తగారు గరిటెతో ఆ తెట్టు తీసి ఇసకలో పోసి, దాని మీద ఉమ్మి, "తాగవే బసిలిస్కో, ఇప్పుడు తాగు" అన్నారు. నాలుగు కొప్పెరల దగ్గరికీ తిరిగి తిరిగి అదే పని చేశారు. ఆవిడంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. 

గూటి అస్థిపంజరం మాత్రం కాల్చాం. ఆవిడకీ మాట దక్కాలి కదా. కొత్త గూడు నున్నటి కర్రలతో కట్టాను. సందులన్నిటికీ తారు. కూర్చునే కర్ర కాళ్ళు సీల్ నూనె పోసిన డబ్బాల్లో నిలబెట్టాను, ఎక్కాలనుకున్న పేను అందులోనే మునిగి చస్తుంది. చూడ్డానికి వికారంగా ఉంది. బాబాయి దానికి టోపీ తియ్యడు. కోళ్ళు మాత్రం చీకటి పడకముందే వాటంతట అవే లోపలికి వెళ్తున్నాయి. నిద్ర పట్టాక కొట్లాట కూడా తగ్గిపోయింది. సార్జెంటు మళ్ళీ తన కుర్చీ తను తీసుకుంది, కానీ ఇప్పుడు ముక్కుతో ఊరికే బెదిరిస్తుంది, అంతే.

మొండిది తొమ్మిది పిల్లల్ని దించింది. తొమ్మిదీ తోకలేనివే! అత్తగారి దుప్పటి కిందే ఆరబెట్టుకున్నాం. మొన్న గద్ద వాలబోతే మొండిది పిల్లల్ని కప్పుకుని కూర్చుంది. ఎక్కణ్ణించి వచ్చిందో సార్జెంటు, గద్ద మీదకి ఎగిరి ఈకలు పీకింది. బిషప్పుగారు అప్పుడు కంచె వెనకాల ఉన్నారు. అత్తగారు ఆ రోజు నుంచి ఉల్లిపాయల మాటెత్తలేదు.

ఇదంతా అయ్యాక నీ ఉత్తరం విప్పాను. ఒడ్డునే కూర్చుని చదివాను. చేతులకి బొబ్బలు, అందరి చేతులకీ బొబ్బలు. నీ పెంకులు గడ్డి మీద ఆరబెట్టి ఉన్నాయి, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నేనేం చేశానో తెలుసా? ఒక పెంకు తీసి సముద్రంలోకి విసిరాను. రెండోది తీశాను, అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు ఏడ్చాను. రెండేళ్ళు అక్కా! నువ్వు రావని కాదు నా బాధ. నీ ఇంటికి కిటికీ ఉందని, అది జలసంధి వైపు చూస్తుందని నాకు తెలియకుండా రెండేళ్ళు గడిచిపోయాయి.

నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. అయిదో రోజు అత్తగారు రొట్టె పిండి పిసుకుతూ, "రేకు గోడలట. గాలికి మోగుతాయిట. వాళ్ళ నాన్న పెంకులుంటే మోగవు" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

అంతే, లేచి వెళ్ళి బాబాయి దగ్గర తాళ్ళు తెచ్చాను.

మన ఊళ్ళో మనిషి ఇంటి దగ్గరికి రాకపోతే ఇల్లే మనిషి దగ్గరికి వెళ్తుంది, అది కూడా మర్చిపోయావా? నీ పెంకులన్నీ కట్టలు కట్టి లాంచీ ఎక్కించాను, కాస్త్రో రేవు నుంచి స్టీమరు మీద వస్తాయి. రేకుల మీద కొట్టించుకో. ఒక్క వరసే, వింటున్నావా? వాటితో పాటు ఒక గంప వస్తుంది. అందులో సార్జెంటు, మొండిదాని పిల్లల్లో ఈకలొచ్చిన రెండు పెట్టలు, ఒక పుంజు ఉన్నారు. మొండిదాన్ని పంపుదామనుకున్నాను గానీ, ఆ గాలికి తట్టుకునేది సార్జెంటు ఒక్కతే. అమ్మ కోళ్ళు ఒక్క చోటే ఉంటే ఒక్క తెగులుకే పోతాయి. సగం నువ్వు పెంచు. ఇది అడగటం లేదు, చెప్తున్నాను.

అక్కా, అక్కా, అక్కా. ఇందాక రాయనివి కూడా కలిపి రాశాను.

నీ ఫెలీ

*

పుంతా అరేనాస్
1957 జూన్

నా ఫెలీకి,

అన్నీ దిగాయి. రేవులో గంప మూత తియ్యగానే సార్జెంటు బయటికి దూకి కస్టమ్సు వాడి కుక్కని మూతి మీద పొడిచింది. "ఇదెవరిది?" అని అరిచాడు. "మా అమ్మది" అన్నాను.

మంచు పడేలోపు పెంకులు కొట్టించాలని వీధిలో ఉన్న మనవాళ్ళందర్నీ పిలిచాను. ఇక్కడ చిలోయె దీవులవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకే తెలియదు. నిచ్చెనలు, సుత్తులు, చేపల పులుసు. ఒక ముసలాయన పెంకు చేతిలో తిప్పి చూసి, "ఈ గుండ్రటి కోత నాకు తెలుసు, ఇది చీల్చినవాడితో కలిసి కొండెక్కాను" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకోవాల్సి వచ్చింది. కొట్టే ముందు ఒక్కొక్క పెంకునీ వెనక్కి తిప్పి చూశాను, నవ్వుకో. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నువ్వు సముద్రంలో విసిరిన దాని చోటు కిటికీ పక్కన ఖాళీగా ఉంచాను. అక్కడ రేకు కనపడుతుంది. దాన్ని మూయించను.

ఇల్లు ఇప్పుడు మోగటం లేదే. మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదు.

అత్తగారన్నట్టే అయిందని ఆవిడతో చెప్పు. ఉల్లిపాయల గంప పంపిస్తున్నాను, కోడి పులుసుకి కాదు. ఫిబ్రవరిలో కూలీలు పొలాలకి వెళ్ళిపోతారు, బోర్డింగు ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఒక నెల వస్తాను. కట్టడానికి కాదు, చూడటానికి. తేదీ స్టీమరు టిక్కెట్టు మీద ఉంటుంది, టిక్కెట్టు ఈ కవరులోనే ఉంది. నా దగ్గరుంటే మళ్ళీ వచ్చే ఏడు అంటానని నీకే పంపుతున్నాను. దాచిపెట్టు, జనవరిలో నాకు తిరిగి పంపు.

కోళ్ళకి వంటింటి వెనక నున్నటి కర్రలతో గూడు కట్టాను, నూనె డబ్బాలు కూడా పెట్టాను. రాత్రి దుప్పటి చించి తెల్లగుడ్డ కింద పరిచాను. పొద్దున చీకట్లోనే వెళ్ళి, దీపం దించి చూశాను. ఒక్క చుక్క లేదు. ఆ తెల్లటి దాని మీద నడిమధ్యన సార్జెంటు నీలి గుడ్డు పెట్టి, తాకితే పొడుస్తానన్నట్టు పక్కన నిలబడి ఉంది. 

తాకాను. పొడిచింది. వేలికి గుడ్డ కట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ అక్క
రుదె